వెట్టిని ఏమని పిలవాలి? నెక్కొండ ప్రాంతం నుంచి చూస్తే సెర్ఫ్ వ్యవస్థ అర్థం, మూలాలు

యూరప్ మధ్యయుగాల పాఠంలో ‘సెర్ఫ్’ అన్న మాట వస్తుంది. పక్కనే ‘అర్ధ బానిస’ అని అర్థం రాసి ఉంటుంది. పరీక్షకు ఆ రెండు మాటలు చాలు. కానీ నెక్కొండ వంటి మండల కేంద్రంలో పాఠం చెప్పే ఉపాధ్యాయుని ముందు కూచున్న పిల్లల్లో సగానికి పైగా ఎవరి పిల్లలు? జీతమున్న తాత, వెట్టి చేసిన ముత్తాత ఉన్న ఇండ్ల పిల్లలు. వాళ్లలో ఒకరు లేచి “సార్, మన దగ్గర సెర్ఫులు ఉండెనా?” అని అడిగితే ఏం చెప్పాలి?

ఈ ప్రశ్నకు మన దగ్గర రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి: “ఉన్నారు, మన జీతగాడే సెర్ఫ్, మన దొరే ఫ్యూడల్ ప్రభువు.” రెండోది: “లేరు, ఇక్కడ ఉన్నది గ్రామ సమాజం, ఒకరికొకరు పని చేసి పెట్టుకునే ఏర్పాటు.” మొదటి జవాబు ఎక్కువగా వామపక్ష మిత్రుల నుంచి వస్తుంది. రెండోది పాత గ్రామాన్ని తల్చుకుని మురిసిపోయేవాళ్ల నుంచి వస్తుంది. మా దృష్టిలో రెండూ సరిపోవు. మొదటిది కులాన్ని మింగేస్తుంది. రెండోది దోపిడీనే మింగేస్తుంది.

ఇది ఉత్త పేరు గొడవ కాదు. చట్టం విముక్తి చేసేది పేరు పెట్టి. ‘జాగీరు’ అని రాస్తే జాగీరు పోతుంది. ‘కౌలుదారు’ అని రాస్తే కౌలుదారుకు హక్కు వస్తుంది. ఏ పేరు కిందికీ రాని మనిషి చట్టం బయటే ఉండిపోతాడు. మాదిగ, మాల వాడల్లో జరిగింది అదే. కనుక ముందు సెర్ఫ్ అంటే ఎవరో, వెట్టివాడు ఎవరో విడివిడిగా చూసి, ఆ తరువాత పోల్చుకుందాం.

సెర్ఫ్ అంటే ఎవరు?

‘సెర్ఫ్’ లాటిన్ మాట ‘సెర్వుస్’ నుంచి వచ్చింది. సెర్వుస్ అంటే బానిస. రోమన్ చట్టంలో బానిస మనిషి కాదు, వస్తువు. అమ్మవచ్చు, కొనవచ్చు. మరి ఆ మాటే ‘అర్ధ బానిస’కు ఎట్లా వచ్చింది? ఇందులోనే ఈ వ్యవస్థ పుట్టుక ఉంది.

రోమన్ సామ్రాజ్యం చివరి శతాబ్దాల్లో పెద్ద పెద్ద ఎస్టేట్ల మీద ‘కొలోనుస్’ అనే కౌలు రైతులు ఉండేవాళ్లు. పేరుకు వాళ్లు స్వతంత్రులు. కానీ పన్నులు సరిగా వసూలు కావాలంటే రైతు కదలకుండా ఉండాలి. క్రీ.శ. 332లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి చేసిన చట్టం ప్రకారం పారిపోయిన కొలోనుస్‌ను పట్టుకుని తిరిగి పాత చోటికే అప్పగించాలి, పారిపోవాలని చూసేవాడికి సంకెళ్లు వేయవచ్చు. అంటే స్వతంత్ర రైతు ఒక మెట్టు దిగిండు. మరోపక్క, కొత్త యుద్ధాలు, కొత్త బానిసలు తగ్గేకొద్దీ యజమానులు తమ బానిసలకు ఒక గుడిసె, కొంత భూమి ఇచ్చి స్థిరపరిచారు. బానిస ఒక మెట్టు ఎక్కిండు. పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలిన తరువాత రక్షణ కోసం చిన్న రైతులు కూడా తమ భూముల్ని బలవంతుని చేతిలో పెట్టి అతని మనుషులయ్యారు. ఇట్లా పైనుంచి దిగినవాళ్లు, కిందినుంచి ఎక్కినవాళ్లు కలిసిన చోటే సెర్ఫ్.

అతని బతుకు ఎట్లా ఉండేది? ప్రభువు ఎస్టేటులో కొంత భూమి ప్రభువు సొంత సేద్యం. మిగిలింది సెర్ఫుల చెలకలు. వారంలో రెండు మూడు రోజులు సెర్ఫ్ ప్రభువు భూమిలో పని చేయాలి. కోతల కాలంలో ఇంకా ఎక్కువ. బిడ్డ పెండ్లికి ప్రభువుకు సొమ్ము కట్టాలి. సెర్ఫ్ చనిపోతే ఇంట్లో ఉన్న మంచి పశువు ప్రభువుకు పోతుంది. పిండి ప్రభువు మిల్లులోనే పట్టించుకోవాలి. ఊరు విడిచిపోవాలంటే అనుమతి కావాలి. ఇవన్నీ అణచివేతే. కానీ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. అతనికి సాగు చేసుకునే భూమి ఉంది. నాగలి ఉంది. ఆ భూమి కొడుక్కు వచ్చే ఆనవాయితీ ఉంది. పశ్చిమ యూరప్‌లో సాధారణంగా అతన్ని భూమి నుంచి విడదీసి అమ్మడానికి లేదు. ఒక్క మాటలో చెప్పాలంటే సెర్ఫ్‌కు భూమి ఉంది, స్వేచ్ఛ లేదు.

ఈ వ్యవస్థ అంతటా ఒకే తీరుగా పోలేదు. 1348 నాటి మహామారికి ఇంగ్లండులో జనం పెద్ద ఎత్తున చచ్చిపోయి కూలీల కొరత వచ్చింది. కూలి పెరగకుండా 1351లో ప్రభువులు చట్టం చేయించుకున్నారు. 1381లో రైతులు తిరగబడ్డారు. తిరుగుబాటును అణిచేశారు గానీ ఆ తరువాతి వందేళ్లలో అక్కడ సెర్ఫ్ చాకిరీ క్రమంగా సడలిపోయింది. ఫ్రాన్స్‌లో 1789 ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ ఫ్యూడల్ హక్కుల రద్దును ప్రకటించింది. తూర్పు యూరప్‌లో మాత్రం కథ తలకిందులు. బాల్టిక్ రేవుల నుంచి ధాన్యం ఎగుమతి 16వ శతాబ్దంలో పెరిగేకొద్దీ పోలెండు, ప్రష్యా ప్రభువులు రైతుల్ని మరింత గట్టిగా కట్టేశారు. రష్యాలో 1649 చట్టం సెర్ఫ్‌ను శాశ్వతంగా భూమికి బంధించింది. 1861లో గానీ విముక్తి రాలేదు. వచ్చినా తాము దున్నుతున్న భూమికే 49 ఏండ్ల వాయిదాల్లో డబ్బు కట్టాల్సి వచ్చింది.

ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఒకటుంది. బజారు వస్తే, డబ్బు వస్తే సెర్ఫ్ వ్యవస్థ దానంతటదే కూలిపోతుందని అనుకోరాదు. బలం ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి, బజారు బంధాన్ని తెంచనూ వచ్చు, బిగించనూ వచ్చు. ఈ మాట నెక్కొండ రైలు స్టేషన్ దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

విష్టి నుంచి వెట్టి

మన ‘వెట్టి’ సంస్కృత ‘విష్టి’కి తద్భవం. విష్టి అంటే కూలి లేకుండా రాజు చేయించుకునే బలవంతపు చాకిరీ. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఇది రాజ్యానికి వచ్చే ఆదాయాల్లో ఒకటి. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు సుదర్శన తటాకాన్ని బాగు చేయించిన సంగతి చెబుతూ, ప్రజల్ని పన్నులతో, విష్టితో బాధించకుండా సొంత ఖజానా నుంచి చేయించానని గొప్పగా రాయించుకున్నాడు. విష్టి లేకుండా చేయడమే గొప్ప అయిందంటే, మామూలుగా విష్టితోనే జరిగేదన్న మాట.

మనుస్మృతి ఏడవ అధ్యాయం ఒక అడుగు ముందుకు వేసింది. చేతిపనివాళ్లు, శారీరక శ్రమతో బతికే శూద్రులు నెలకు ఒక రోజు రాజుకు ఉచితంగా పని చేయాలని రాసింది. పన్ను కట్టే శక్తి లేనివాడు ఒంటితో కట్టాలన్న మాట. చాకిరీని పుట్టుకతో ముడిపెట్టడం ఇక్కడే కనబడుతుంది. యూరప్‌లో చట్టం రైతును భూమికి కట్టేసింది. ఇక్కడ ధర్మశాస్త్రం పనిని పుట్టుకకు కట్టేసింది.

తరువాత భూదానాల కాలం. శాతవాహనుల శాసనాల్లోనే బౌద్ధ భిక్షువులకు భూమి ఇస్తూ, రాజు సైనికులు అక్కడ అడుగు పెట్టరాదన్న మినహాయింపులు ఉన్నాయి. తొలి పల్లవుల హీరహడగల్లి తామ్రశాసనంలో బ్రాహ్మణులకు ఇచ్చిన తోటతో పాటు నలుగురు అర్ధభాగపు సేద్యగాళ్లను, ఇద్దరు కోలికులను కూడా కలిపి ఇచ్చారు. భూమిని ఇచ్చేటప్పుడు దానిమీద పనిచేసే మనిషిని కూడా లెక్కగట్టి ఇవ్వడం సెర్ఫ్ లక్షణమే. తమిళ ప్రాంతపు చోళ శాసనాల్లో ‘వెట్టి’ అన్న మాట పన్నుల జాబితాల్లో తరచుగా కనబడుతుంది.

ఈ ఆధారాలతోనే చరిత్రకారుడు ఆర్.ఎస్. శర్మ 1965లో వెలువడిన ‘భారతీయ ఫ్యూడలిజం’ గ్రంథంలో ఇక్కడ కూడా ఫ్యూడల్ వ్యవస్థ ఉందని వాదించారు. హర్బన్స్ ముఖియా 1979 నాటి అధ్యక్షోపన్యాసంలో దాన్ని ప్రశ్నించారు. ఇక్కడి రైతు తన నాగలితో తన భూమిని తానే దున్నుకున్నాడు గనుక యూరప్ తరహా సెర్ఫ్ వ్యవస్థ లేదన్నది ఆయన వాదన సారాంశం. ఈ చర్చ నుంచి మనం చాలా నేర్చుకోవాలి. కానీ ఒక లోటు కూడా చూడాలి. ఇద్దరి చర్చకూ కేంద్రంలో ఉన్నది రైతు. భూమి దరిదాపులకే రానీయని అంటరాని కులాల శ్రమ దాంట్లో అంచున ఉండిపోయింది. రైతు స్వతంత్రుడా కాదా అని అడుగుతున్నాం సరే, ఆ రైతు నాగలి వెనుక, మోట వెనుక, తూము దగ్గర నిలబడ్డ మనిషి సంగతేమిటి?

పాకాల చెరువు కింద

నెక్కొండకు దగ్గర్లోనే, నర్సంపేట దిక్కున, పాకాల చెరువు ఉంది. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టింది. ఎనిమిది వందల ఏండ్లుగా ఇప్పటికీ పొలాలు పారిస్తున్నది. కాకతీయుల చెరువుల గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ చెరువు దగ్గరి శాసనాల్లో రాజు పేరు ఉంటుంది, కట్టించిన సామంతుని పేరు, వంశం ఉంటుంది. గంపల కొద్దీ మట్టి మోసినవాళ్ల పేర్లు ఉండవు.

చెరువు కట్టించినవారికి, బాగోగులు చూసేవారికి ‘దశబంధం’ కింద మాన్యం ఇచ్చే పద్ధతి ఉండేది. గ్రామంలో పనులు చేసే వృత్తికులాలకు పంటలో ‘ఆయం’ లేదా చిన్న మాన్యం ఇచ్చే ‘ఆయగార్ల’ పద్ధతి కూడా క్రమంగా బలపడింది. మరాఠీ వైపు దీన్నే ‘బారా బలూతా’ అన్నారు. పన్నెండు కులాలు, పన్నెండు పనులు. దీన్నే కొందరు పరస్పర సహకారం అంటారు. అందుకు మేము పెట్టే పరీక్ష ఒక్కటే: కాదనే హక్కు ఉందా? “ఈ ఏడు నాకు ఆయం వద్దు, నేను ఈ పని చేయను” అని మాదిగ అనగలిగితే అది సహకారం. అంటే ఊరు ఊరంతా మీద పడుతుందనుకుంటే, అది సహకారం కాదు, చాకిరీ. ఆయం ముట్టడం వల్ల అది కూలి అయిపోదు. ఎడ్లకు కూడా గడ్డి వేస్తారు.

ఎవరికి ఏ వెట్టి

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం నాటికి తెలంగాణ పల్లెల్లో వెట్టి ఎట్లా పంచి ఉందో చూస్తే కులానికీ చాకిరీకీ ఉన్న ముడి తెలుస్తుంది.

చాకలి దొర ఇంటి బట్టలు ఉతకాలి. మంగలి క్షవరం చేయాలి, దొర ఒళ్లు పట్టాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. గొల్లవారు గొర్రెను ఇచ్చుకోవాలి. సాలెలు బట్ట ఇచ్చుకోవాలి. కమ్మరి, వడ్రంగి నాగళ్లు చేసి పెట్టాలి. రైతు కులాలకు కూడా వెట్టి తప్పలేదు. దొర పొలం దున్నిన తరువాతే, దొర పొలానికి నీళ్లు పారిన తరువాతే తమ పని.

ఇక వాడల సంగతి. మాదిగలు దొర పశువులు చస్తే తీయాలి, తోలు తీసి చెప్పులు కుట్టాలి, మోటబావికి తోలు తొండం, వార్లు చేసివ్వాలి, ఊరందరికీ డప్పు కొట్టి చాటింపు వేయాలి. మాలలు కావలి కాయాలి, కబుర్లు మోయాలి, శిస్తు సొమ్ము వెంట నడవాలి. సేత్‌సింధీ, నీరడి, బేగారి అని వేర్వేరు పేర్లు. నీరడి చెరువు తూము తీసి ఎవరి మడికి ఎంత నీరో పారిస్తాడు. నీళ్లన్నీ అతని చేతిలో, మడి మాత్రం ఒకటీ అతనిది కాదు. ఉంటే ఆ చాకిరీకి ఇచ్చిన చిన్న ఇనాం ముక్క. పట్టేలు, పట్వారీ, గిర్దావరు, తహసీల్దారు, పోలీసు ఎవరు ఊర్లోకి వచ్చినా సామాను మోయాలి, కట్టెలు కొట్టాలి, గుర్రానికి గడ్డి తేవాలి.

స్త్రీల వెట్టిని విడిగా చెప్పాలి. వడ్లు దంచడం, ఇల్లు అలకడం, పురుళ్లు పోయడం, పంట పనులు. పసిపిల్లను వదిలి నాటుకు పోవలసిన తల్లుల సంగతి ప్రతి వాడలో ముసలివాళ్లకు తెలుసు. గడీల్లో ‘ఆడపాప’ల పద్ధతి ఉండేది. దొర బిడ్డను అత్తవారింటికి పంపేటప్పుడు వెంట ఆడపిల్లల్ని దాసీలుగా పంపేవాళ్లు. యూరప్ ప్రభువు సెర్ఫ్ బిడ్డ పెండ్లికి సొమ్ము తీసుకున్నాడు. ఇక్కడ దొర బిడ్డనే తీసుకున్నాడు.

“బాంచెన్, నీ కాల్మొక్త” అన్న మాట ఇంత చాకిరీ నుంచి పుట్టింది. బాంచ అంటే దాసి, బానిస. మనిషి తన నోటితో తనను తాను బానిసనని చెప్పుకున్న తరువాతే తన మాట మొదలుపెట్టాలి.

రైలు వచ్చింది, వెట్టి పోలేదు

ఇదంతా ‘మధ్యయుగాల అవశేషం’ అని అనడం మామూలు. మేము దీన్ని పూర్తిగా ఒప్పుకోం. పేరు పాతదే, పద్ధతి పాతదే, కానీ 1940లలో మనం చూసిన దొర పెత్తనం చాలా మటుకు 19వ శతాబ్దం రెండో సగంలో తయారైంది.

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయిన తరువాత శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతిని తీసేసి సర్కారు ఉద్యోగుల ద్వారా వసూలు మొదలుపెట్టాడు. అంతకుముందు వసూళ్లు చేసిన దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్యాలకు నష్టపరిహారంగా ‘రుసుం’ ఏర్పాటైంది. తరువాత సర్వే, సెటిల్‌మెంటు జరిగినప్పుడు లెక్కలు, కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయి? వాళ్ల చేతిలోనే. చదువు రాని సాగుదారుల భూములు వేల ఎకరాలు వాళ్ల పేర పట్టా అయ్యాయి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట గ్రంథంలో ఇచ్చిన లెక్క ప్రకారం హైదరాబాదు రాజ్యంలో సుమారు 60 శాతం భూమి దివానీ, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఖర్చులకు పోయే సర్ఫెఖాస్. విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో 40,000 ఎకరాలున్నట్టు ఆ పుస్తకం రాస్తుంది. అంత భూమికి కూలి ఇచ్చి సేద్యం చేయించే దొర ఎవడు? వెట్టి ఉంటేనే ఆ సేద్యం, ఆ గడీ.

అదే కాలంలో రైలు వచ్చింది. నిజాం రైలు మార్గం 1880లలో వరంగల్, డోర్నకల్ మీదుగా సాగి 1889కి బెజవాడ చేరింది. ఈ మార్గంలోదే నెక్కొండ స్టేషన్. వరంగల్ పెద్ద ధాన్యపు బజారైంది. గింజలు, నూనెగింజలు దూరం పోవడం మొదలయింది. ఊర్లో తిని మిగిలింది బజారుకు అమ్మవచ్చునంటే, భూమి మీద, శ్రమ మీద దొర ఆశ ఇంకా పెరుగుతుంది. 16వ శతాబ్దపు పోలెండులో జరిగినట్టే ఇక్కడా బజారు బంధాన్ని బిగించింది. రైలు దిగిన అధికారి లోపలి ఊళ్లకు పోవాలంటే బండి కావాలి, మోతగాడు కావాలి. స్టేషన్ ఎదుట కొత్త కాలం, స్టేషన్ వెనుక బాటలో పాత వెట్టి.

అయితే రైలుకు రెండో ముఖం కూడా ఉంది. అదే దారిన మనుషులు పారిపోగలరు, మాటలు రాగలవు. ఇదే మార్గంలోని డోర్నకల్‌లో 1912లో వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మాల, మాదిగలు ఆ చర్చిలో పెద్ద సంఖ్యలో చేరారు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1911లో మన్యసంఘం పెట్టి, ఆది హిందూ ఉద్యమాన్ని నడిపించారు. మనం మొదటి నుంచి ఈ నేల వారసులమన్న మాట వెట్టికి నేరుగా ఎదురు. ఎందుకంటే వెట్టి నిలబడింది ‘నువ్వు పుట్టిందే ఇందుకు’ అన్న మాట మీద. 1921లో ఏర్పడ్డ ఆంధ్ర జన సంఘం, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ కూడా వెట్టిని ప్రశ్నించాయి.

భగేలా: అప్పుతో వేసిన సంకెల

వెట్టితో పాటు ఇంకో బంధం ఉంది. దాని పేరు భగేలా. పెండ్లికో, చావుకో, కరువులో గింజలకో దొర దగ్గర అప్పు తీసుకుంటే ఆ అప్పు తీరేదాకా పాలేరుగా ఉండాలి. ఇచ్చే జీతం గింజలు పూట గడవడానికే చాలవు, అప్పు ఎట్లా తీరుతుంది? పైగా నాగుల వడ్డీ. తండ్రి చనిపోతే అప్పు కొడుకు మీద పడుతుంది. లెక్క రాసేది దొర గుమాస్తా. వేలిముద్ర వేసేది చదువు రానివాడు.

వెట్టికీ భగేలాకూ తేడా చూడండి. వెట్టి కులం మీద పడుతుంది, ఒక్కొక్క ఇంటికి వంతు వస్తుంది. భగేలా ఒక మనిషి మీద, ఒక కుటుంబం మీద పడుతుంది. వెట్టి ‘ఆచారం’ పేరుతో నడుస్తుంది. భగేలా ‘ఒప్పందం’ పేరుతో నడుస్తుంది. అందుకే భగేలా ఇంకా ప్రమాదకరమైంది. చూడడానికి ఇద్దరు స్వతంత్రులు చేసుకున్న కాగితంలా ఉంటుంది. 1936లో నిజాం ప్రభుత్వం చేసిన చట్టం పేరే ‘భగేలా ఒప్పందాల’ చట్టం. ఇది బానిసత్వమని ఒప్పుకోలేదు, ఒప్పందమే అనుకుని దాన్ని క్రమబద్ధం చేయబోయింది. వెట్టిని వద్దంటూ వచ్చిన సర్కారు ఉత్తర్వుల గతీ అంతే. అమలు చేయాల్సిన పట్టేలు, పట్వారీలే వెట్టి చేయించుకునేవాళ్లు.

పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కూలి లేని చాకిరీ, ఊరు విడిచిపోలేని స్థితి, వంశపారంపర్యం, ప్రభువే పోలీసు, ప్రభువే కోర్టు, ఇవన్నీ సెర్ఫ్‌కూ వెట్టివాడికీ సమానం. ఆ మేరకు సెర్ఫ్ వ్యవస్థ అని పిలవడం తప్పు కాదు.

తేడా మాత్రం ప్రాణం లాంటిది. సెర్ఫ్‌ను భూమికి కట్టేశారు. మన మాలమాదిగల్ని భూమికి దూరంగా కట్టేశారు. ఊరికి కట్టేశారు, పనికి కట్టేశారు, భూమికి మాత్రం కాదు. సెర్ఫ్ స్వేచ్ఛ పొందితే రైతయ్యాడు. వెట్టివాడు స్వేచ్ఛ పొందితే కూలివాడయ్యాడు. సెర్ఫ్ పట్నానికి పారిపోయి కొన్నాళ్లుంటే అతని పాత గుర్తు చెరిగిపోయేది. ఇక్కడ మనిషి పారిపోయినా కులం వెంట వస్తుంది. ఏ ఊరికి పోయినా “ఏవుళ్లు మీరు?” అన్న ప్రశ్న ముందు నిలబడి ఉంటుంది.

పాలకుర్తి చాకలి ఐలమ్మ కథను ఈ వెలుగులో చూడాలి. 1940లలో ఆమె కొంత భూమిని కౌలుకు తీసుకుని సాగు చేసింది. నాలుగెకరాల కౌలు విసునూరు దేశ్‌ముఖ్‌కు అంత కంటగింపు ఎందుకయింది? భూమి పోయిందని కాదు. వెట్టి చేయాల్సిన కులంలో పుట్టిన ఆడమనిషి రైతుగా నిలబడ్డది. వెట్టికీ సాగుకూ మధ్య ఉన్న గీతను దాటింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన తరువాత పోరాటం అంటుకుంది. ఊళ్లకు ఊళ్లలో వెట్టి ఆగిపోయింది. ఇది చిన్న విజయం కాదు, తక్కువ చేయరాదు. కానీ భూమి పంపకం దగ్గరికి వచ్చేసరికి దున్నేవాడిదే భూమి అన్న నినాదంలో, నాగలి పట్టనీయని కులాలకు ఎంత వాటా అన్న ప్రశ్న మిగిలిపోయింది.

చట్టాల్లో కూడా ఇదే జరిగింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. జాగీర్దారుకు పరిహారం దొరికింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అన్న పేరు కింద నమోదైనవాళ్లకు తరువాత 38-ఇ సెక్షన్ కింద యాజమాన్యం దక్కింది. యూరప్ సెర్ఫ్ లాంటివాడికి ఇది సరిగ్గా సరిపోయే మందు. కానీ తోలు తీసినవాడు, తూము తీసినవాడు, డప్పు కొట్టినవాడు ఏ రిజిస్టర్లోనూ కౌలుదారు కాదు. అతని చేతిలో ఉన్నది సేవ ఇనాం ముక్క ఒక్కటే. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చినప్పుడు సేత్‌సింధీ, నీరడి, బలూతా ఇనాములను దాని పరిధి నుంచి మినహాయించారు. గ్రామానికి ఉపయోగపడే సేవ అని కారణం. అంటే ఇనాం పోదు, ఇనాంతో పాటు చాకిరీ కూడా పోదు.

ఈ ముడిని అంబేద్కర్ ముందే పట్టుకున్నారు. బొంబాయి రాష్ట్రంలో మహర్లకు ‘వతన్’ పేరుతో చిన్న భూమి ముక్క ఇచ్చి ఊరంతటి చాకిరీ చేయించుకునేవాళ్లు. ఆ పద్ధతిని మార్చడానికి ఆయన 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. చాకిరీ నుంచి విడదీసి, మామూలు శిస్తు కట్టించుకుని ఆ భూమిని మహర్లకే ఇచ్చేయాలన్నది ఆలోచన. బిల్లు నెగ్గలేదు, ఆయన మరుసటి ఏడు దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ దిశలో అక్కడ చట్టం 1958లో గానీ రాలేదు. మన నీరడి, సేత్‌సింధీ ఇనాములు వతన్‌కు తోబుట్టువులే.

రాజ్యాంగం 23వ అధికరణ బేగార్‌ను నిషేధించింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాయి. అప్పు పేరుతో చేసే చాకిరీని చట్టం మొదటిసారి దాని అసలు పేరుతో పిలిచింది, అప్పును కూడా రద్దు చేసింది. అయినా 1978లో జగిత్యాల, సిరిసిల్ల రైతుకూలీలు వెట్టి వద్దని, జీతాలు పెంచాలని ఊరేగింపులు తీయాల్సి వచ్చింది. ప్రభుత్వం ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది మనందరం గుర్తుంచుకోవాలి: కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా 23వ అధికరణ కింద బలవంతపు చాకిరీయే. ఆకలి కూడా బలవంతమే. 1984లో పట్టేలు పట్వారీ వ్యవస్థ రద్దయింది. కానీ వాళ్ల కింద పనిచేసిన సేవకులు కొత్త పేర్లతో, అరకొర జీతంతో చాలా ఏండ్లు కొనసాగారు. గ్రామ రెవెన్యూ సహాయకులను తెలంగాణ ప్రభుత్వం ఇతర శాఖల ఉద్యోగాల్లోకి తీసుకున్నది 2023లో. సేత్‌సింధీ నుంచి సర్కారు ఉద్యోగి దాకా ఎంత దూరమో చూడండి.

మనం చేయాల్సింది

సెర్ఫ్ అన్న మాటను వదిలేయమని మేము అనడం లేదు. ప్రపంచంలో మనలాంటివాళ్లు ఎట్లా బందీలయ్యారో, ఎట్లా విడిపించుకున్నారో తెలియడానికి అది కావాలి. కానీ దాని పక్కన వెట్టి అన్న మన మాటను, దాని కులాన్ని నిలబెట్టాలి. భూమి లేకుండా చేసి, పుట్టుకతో పనిని కట్టి, అప్పుతో సంకెల వేసిన వ్యవస్థ ఇది. కనుక విముక్తి కూడా మూడు వైపుల నుంచి రావాలి: భూమి, కులనిర్మూలన, అప్పు నుంచి విడుదల. ఒక్కటి తప్పినా మిగిలిన రెండూ వెనక్కి లాగుతాయి.

ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయగల పని ఒకటుంది. మీ ఊరి సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ రెవెన్యూ కాగితాల్లో దొరుకుతాయి. అందులో సేత్‌సింధీ, నీరడి, బలూతా ఇనాం అని ఏ సర్వే నంబర్ల ఎదుట రాసి ఉందో చూడండి. ఎన్ని ఎకరాలు, ఎవరి పేరు, ఏ వాడ రాసుకోండి. తరువాతి పహాణీల్లో అదే నంబరు ఎవరి పేరుకు మారిందో చూడండి. అమ్మారా, అప్పు కింద పోయిందా, మాయమైందా అడగండి. ఆ వాడలో ఎనభై దాటిన అవ్వల్ని, తాతల్ని అడిగి ఏ ఇంటికి ఏ వంతు ఉండెనో రాసుకోండి. వాళ్లు పోతే ఆ లెక్క ఏ శాసనంలోనూ దొరకదు.

పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద ‘సెర్ఫ్ అంటే అర్ధ బానిస’ అని రాసి ఆగవద్దు. కింద ఇంకో వరుస రాయండి: వెట్టి, మన ఊరు, సర్వే నంబరు. ఆ వరుసను పిల్లలే నింపగలరు.